దోమల మిషను మీద సాంబ్రాణి

మట్టి బొమ్మ ముక్కులో జీవం ఊది, ఆ ముక్కుకి జ్ఞాపకం కూడా పెట్టిన దేవునికి స్తోత్రం. కన్ను మర్చిపోయినదాన్నీ చెవి మర్చిపోయినదాన్నీ ముక్కు మర్చిపోదు. అది ఆయన కృప. ఆ కృపని పట్టుకుని సింగపూరులో ఒక శనివారం పొద్దున్న నా ఉద్యోగాన్నీ, అద్దె గదినీ, ఇంకా మొదలు కాని కాపురాన్నీ రెండంగుళాల రేకు మీద పెట్టి ఎలా మాడ్చబోయానో ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను. మా సంఘంలో దీన్ని సాక్ష్యంగా చెప్పినప్పుడు అందరికంటే ముందు నవ్వింది పాస్టరుగారే.

అవి వైటూకే రోజులు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి మతి పోతుందని ప్రపంచమంతా భయపడి, వాటికి తేదీలు నేర్పించడానికి మా బోటివాళ్ళని విమానాల్లో మోసుకుపోతున్న కాలం. నాకు ఇరవై ఏడేళ్ళు. చాంగీ వైపు ఒక బ్యాంకు ఆఫీసులో పని, జురాంగ్ ఈస్ట్‌లో అద్దె గది. అంటే రోజూ ఈ దేశం ఒక చివర నిద్ర లేచి రెండో చివర కుర్చీలో కూర్చునేవాణ్ణి. మధ్యలో గంటకు పైగా రైలు. ఆ గంటంతా నేను చేసే పని ఒక్కటే, ఎస్తేరుని తలుచుకోవడం.

ఎస్తేరు నా భార్య. తెనాలిలో పెళ్ళి. ఆఫీసువాళ్ళు ఇచ్చిన సెలవు పన్నెండు రోజులు. అందులో మూడు రోజులు ప్రయాణాలు తినేశాయి. నాలుగు రోజులు కొత్త దంపతుల్ని ఆశీర్వదిస్తామన్న పెద్దలు తినేశారు. ఒక్కొక్కరు ఒక అధ్యాయం చదివి, దాని మీద గంట ప్రసంగించి, పులిహోర పెట్టి పంపేవారు. మిగిలిన అయిదు రోజుల్లో నేను ఎస్తేరుతో మాట్లాడిన మాటలు ఒక తెల్లకాగితం మీద రాస్తే వెనకవైపుకి తిప్పక్కర్లేదు. ఇద్దరికీ సిగ్గు.

కానీ ఆమె జుట్టు మాట్లాడేది. తలస్నానం చేసిన ప్రతిసారీ వాళ్ళ అమ్మమ్మ మార్తమ్మగారు మూకుడులో నిప్పులు పోసి, సాంబ్రాణి చల్లి, పైన గంప బోర్లించి, దాని మీద ఈ పిల్ల జుట్టు పరిచి ఆరబెట్టేది. ఆమె గదిలోకి వస్తే ముందు ఆ వాసన వచ్చేది, తర్వాత ఆమె వచ్చేది. సెలవు అయిపోగానే నేను విమానం ఎక్కాను. వాసన నా చొక్కాకి అంటుకుని వచ్చింది. రెండు ఉతుకులకి అదీ పోయింది.

ఆమె సింగపూరు వచ్చి నాతో ఉండటానికి కావలసిన పాసు కాగితాలకి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో నేను ఎంత పిచ్చివాణ్ణయ్యానంటే, ఆదివారం ఆరాధన అవగానే లిటిల్ ఇండియా వెళ్ళి, సాంబ్రాణి బస్తాలు పెట్టే దుకాణం ముందు నిలబడేవాణ్ణి. కొననూ కొనను, కదలనూ కదలను. ఊపిరి పీలుస్తూ నిలబడటమే. దుకాణదారు మూడు ఆదివారాలు తమిళంలో ఏం కావాలని అడిగాడు. నాలుగో ఆదివారం నేను రాగానే స్టూలు వేశాడు.

ఇంక వారంలో ఎస్తేరు వస్తుందనగా ఫోన్ కార్డు కొని మాట్లాడాను.

"గది ఎలా ఉందండీ?"

"బాగుంది. పదో అంతస్తు. కిటికీలోంచి రైళ్ళు కనిపిస్తాయి."

"మనుషులు కనిపిస్తారా?"

"కనిపిస్తారు. చిన్నగా."

 కార్డులో నిమిషాలు కరిగిపోతూనే ఉన్నాయి.

"నేనెప్పుడూ ఊరు దాటి ఉండలేదండీ. అక్కడ నాకు అంతా పరాయిగా ఉంటుందేమో."

"ఉండదు. గదిలో అడుగు పెట్టగానే మీ ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది, నాది పూచీ, చూస్తావుగా, నేను..."

కార్డు అయిపోయింది. మాట మిగిలింది. ఆ మాట ఎలా నిలబెట్టుకోవాలో నాకు అప్పటికే తెలుసు. గది సాంబ్రాణి వాసన రావాలి. అంతే. తలుపు తీయగానే ఆమె ఆగిపోవాలి, కళ్ళు మూసుకోవాలి, తెనాలి వచ్చేసిందనుకోవాలి. ఈ దృశ్యాన్ని నేను జురాంగ్ నుంచి చాంగీ దాకా రోజూ ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చూసుకునేవాణ్ణి.

అడ్డు ఒక్కటే. సరోజా ఆంటీ.

ఆంటీ మా ఇంటి యజమానురాలు. ఆమె తాతలు మలయా రబ్బరు తోటలకి వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆమె తెలుగు పాతకాలపు పట్టుచీరలా ఉండేది, మధ్యమధ్య తమిళం, మలాయ్ అతుకులు, మాట చివర అక్కడివాళ్ళు తగిలించే ‘లా’. గది ఇచ్చిన రోజే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది.

"తంబి, వండుకో, తిను, పాట పాడుకో, నీ దేవుడికి ఎంత గట్టిగా అయినా మొక్కుకో. పొగ ఒకటి వద్దు. సిగరెట్ వద్దు, ఊదుబత్తి వద్దు, తాళింపు మాడ్చద్దు. పొగ వస్తే మూట కట్టుకో. అంతే లా."

"ఎందుకాంటీ?"

"ఎందుకని అడగద్దు."

ఆమె దేవుడి గదిలో కూడా కరెంటు దీపమే వెలిగేది. భార్య వస్తుందని చెప్పినప్పుడు వారం రోజులు ఆలోచించి, "రానీ. ఒక నెల చూస్తా" అంది. దంపతులకి గది ఇచ్చేవాళ్ళు దొరకని రోజులవి. ఈ గది పోతే ఎస్తేరుని విమానాశ్రయం నుంచి ఎక్కడికి తీసుకెళ్ళాలో నాకు తెలియదు.

ఇంత తెలిసినవాడు ఏం చెయ్యాలి? నోరు మూసుకుని, గది తుడిచి, కొత్త దుప్పటి పరిచి ఊరుకోవాలి. నేను ఇంజనీరుని. ఊరుకోవడం మాకు నేర్పలేదు.

ఆంటీ పొగ వద్దంది. ఆవిరి వద్దనలేదు. ధర్మశాస్త్రంలో సందులు వెతికే పరిసయ్యుడు నాలో నిద్ర లేచాడు. నా దగ్గర దోమల మిషను ఉంది. గోడకి గుచ్చితే చిన్న రేకు వేడెక్కుతుంది, దాని మీద నీలం బిళ్ళ పెడితే వాసన వస్తుంది, పొగ రాదు. బిళ్ళ బదులు సాంబ్రాణి పెడితే?

ఇక్కడ మీకొక సంగతి ఒప్పుకోవాలి. దేవుడు మోషేకి గుడారంలో వేసే ధూపానికి పాళ్ళు చెప్పి, అటువంటిది మీ ముక్కు సరదా కోసం చేసుకోవద్దని గట్టిగా హెచ్చరించాడు. సండే స్కూల్లో ఈ పాఠం పిల్లలకి చెప్పింది నేనే, అట్ట మీద బొమ్మ గీసి మరీ. కానీ అక్కడ వస్తువులు నాలుగు. నాది ఒక్కటే. కాబట్టి ఆ హెచ్చరిక నాకు వర్తించదని తీర్పు చెప్పుకున్నాను. ఫిర్యాదీ నేనే, వకీలు నేనే, జడ్జీ నేనే.

ఆ ఆదివారం దుకాణంలో మొదటిసారి ఒక డబ్బా సాంబ్రాణి గడ్డలు కొన్నాను. సోమవారం ఒకటి నలిపి చిటికెడు పొడి రేకు మీద చల్లాను. అయిదు నిమిషాలు. అయిదే నిమిషాలు ఎస్తేరు గదిలోకి వచ్చి వెళ్ళినట్టయింది. నిజం చెబుతున్నాను, ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని చూస్తే రేకు మీద టీ మరకలాంటి గోధుమరంగు మచ్చ. మంగళవారం రెండు చిటికెలు వేశాను. వాసన సగమే వచ్చింది, మచ్చ నల్లబడింది, కొంచెం మాడు కంపు కూడా. బుధవారం కూర్చుని కారణం ఆలోచించాను. సాంబ్రాణిలో బెరడు ముక్కలు, మట్టి ఉంటాయి. మాడేది అవే. వాటిని తీసేసి చిక్కటి సారం చేస్తే? చిక్కనిది కొంచెం చాలు. కొంచెం వేస్తే మరక కొంచెమే. చూడండి, ఎంత శుభ్రమైన తర్కమో. ఆఫీసులో నాకు ప్రమోషన్ ఇచ్చింది ఇలాంటి తర్కానికే.

స్పిరిట్‌లో కరిగించి, పెళ్ళినాటి చేతిరుమాలుతో వడగట్టి, కిటికీ దగ్గర సీసా మూత తీసి ఉంచాను. గురువారం సాయంత్రానికి ముదురు బెల్లం పాకంలాంటి జిగురు తయారైంది. గుండుసూది మొనతో ఇంత తీసి రేకుకి రాస్తే గదంతా తెనాలి. గుండుసూదికే ఇంత వస్తే చెంచాకి ఎంత రావాలి? ఈ ప్రశ్న దగ్గరే దేవదూత ఎవరైనా నా చెయ్యి పట్టుకుని ఉండాల్సింది.

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకి విమానం దిగుతుంది. పొద్దున్న పదింటికి చెంచాడు జిగురు రేకు మీద వేసి, వాసన దిండ్లకీ పరదాలకీ బాగా పట్టాలని కిటికీ మూసి, తలుపు దగ్గరగా వేసి, స్నానానికి వెళ్ళాను. పాట పాడుకుంటూ ఒళ్ళు రుద్దుకున్నాను. తువ్వాలు చుట్టుకుని వచ్చి తలుపు తీస్తే, ఇశ్రాయేలీయుల ముందు నడిచిన మేఘస్తంభం మా గదిలో ఆగి ఉంది. రేకు మీద జిగురు పాకంలా కుతకుతా ఉడికి, పొంగి, అంచులు దాటి మిషను చీలికల్లోకి దిగింది. ప్లాస్టిక్కు కూడా కరగడం మొదలుపెట్టింది. తెనాలి పోయి టైరు తగలబడుతున్న కంపు వస్తోంది.

లోపలికి దూరి తలుపేసి, స్విచ్చి ఆపి, బ్లేడు తీసుకుని గీకడం మొదలుపెట్టాను. తలుపు చప్పుడైంది.

"తలుపు తియ్యి తంబి."

"స్నానం చేస్తున్నా ఆంటీ."

"స్నానాల గది ఖాళీగా ఉంది. నీ తలుపు తియ్యి."

తీశాను. ఆమె నన్ను చూడలేదు. బల్ల మీదవి చూసింది. నల్లటి పక్కు కట్టిన రేకు, బ్లేడు, మరకల చేతిరుమాలు, సీసాలో గోధుమరంగు జిగురు. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కొత్త దుప్పటి మీద మెల్లగా కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"సోమవారం నుంచి ఆంటీ."

"రోజూనా?"

"బుధవారం మానేశాను. చిక్కబరచడానికి టైం పట్టింది."

"పెళ్ళాం వచ్చే రోజు కూడా ఆగలేకపోయావా?"

"ఆమె కోసమే కదాంటీ."

"ఆ పిల్లకి కూడా అలవాటా?"

"చిన్నప్పటి నుంచీ. వాళ్ళ అమ్మమ్మే దగ్గర కూర్చోబెట్టుకుని పట్టించేది."

ఆంటీ రెండు చేతులతో తల పట్టుకుంది. అప్పుడు కూడా నాకు వెలగలేదు. అంత చదువు.

"నాకొక తమ్ముడు ఉండేవాడు, గోపాలు" అంది. "వాడి గదిలో రేకు మీద ఇదే రంగు, ఇదే పక్కు. నేను దీపం మసి అనుకుని తోమేదాన్ని. ఎన్నోసార్లు తోమా. గంజాయి నుంచి తీసిన జిగురని పోలీసులు వచ్చినాకనే తెలిసింది. ఈ దేశంలో దానికి ఏమవుతుందో నీకు తెలుసా? జైలుకి పోయి వచ్చాడు, మళ్ళీ పోయాడు. ఇప్పుడు లేడు."

నేను సీసా ఎత్తి ఆమె ముందు పెట్టాను.

"ఆంటీ, ఇది సాంబ్రాణి. ఒట్టి సాంబ్రాణి."

"వాడు కూడా ఒకసారి సాంబ్రాణి అనే చెప్పాడు."

 ఆమె లేచి, "మూట కట్టు. పోలీసుకి చెప్పాలా వద్దా ఆలోచించుకుంటా" అని హాల్లోకి వెళ్ళి ఫోను పక్కన కూర్చుంది. ఎస్తేరు అప్పటికి గాలిలో ఉంది. ఆకాశంలో భార్య, నేల మీద పోలీసు, మధ్యలో తువ్వాలు. అంత నిజాయితీగా నేను అంతకుముందు ఎప్పుడూ ప్రార్థన చెయ్యలేదు. ఆపైన బట్టలు వేసుకుని, ఆంటీ పక్కన ఉన్న ఫోనే అడిగి తీసుకుని, ఆమె వింటూండగా జీవరత్నం అంకుల్‌కి చేశాను.

అంకుల్ మా సంఘపు పెద్ద. జురాంగ్‌లో ముడిచమురు మరగబెట్టి వేరుచేసే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. మధ్యాహ్నం తన వ్యానులో నన్ను విమానాశ్రయానికి తీసుకెళ్ళాల్సినవాడు. గంటలో వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ముక్కు ఎగబీల్చి, "ఎవరికమ్మా పురిటిస్నానం?" అన్నాడు.

ఆంటీ మిషను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, వాసన చూసి, నావైపు తిరిగాడు.

"ఎంత వేశావయ్యా?"

"చెంచాడు. వడగట్టిందే అంకుల్. మలినాలన్నీ తీసేశాను."

"నీ మొహం తీసేశావు. చెట్టు జిగురంటే ఏమిటనుకున్నావు? దాంట్లో వాసనిచ్చే భాగం తేలిక. వేడి తగలగానే ఎగిరిపోతుంది. బంక, మైనం బరువు. అవి ఈ పాటి వేడికి ఎగరవు, అక్కడే కూర్చుని మాడతాయి. బెరడూ మట్టీ తీశావు సరే, బంకని ఎక్కడ తీశావు? నీరు పోయిన పాలు అడుగంటినట్టు, ఎంత చిక్కగా చేస్తే అంత పక్కు. ఆ పక్కు మీద మళ్ళీ వేస్తే అది ఇంకా మాడుతుంది. మా ఫ్యాక్టరీలో రోజూ చూసేదే. పైన ఆవిరి పోతుంది, అడుగున తారు మిగులుతుంది."

"రంగు అదే ఉంది" అంది ఆంటీ. "నేను చేత్తో తోమినదాన్ని. నాకు తెలుసు."

"రంగు ఒకటేనమ్మా. గంజాయి జిగురైనా ఇంతే, సాంబ్రాణైనా ఇంతే. మాడిన బంక ఎవరిదైనా నలుపే. మరక చూసి మనిషిని చెప్పలేం. నిజం తెలియాలంటే ఒక చెంచా ఇవ్వు. పొయ్యి వెలిగించు."

"ఈ ఇంట్లో పొగ పెట్టను."

"ఒక్కసారి. ఈ అబ్బాయి పెళ్ళాం గాల్లో ఉంది."

చివరికి ఆంటీ పొయ్యి వెలిగించింది. తర్వాత తనే స్టీలు చెంచా తీసింది. నా డబ్బాలోంచి మామూలు సాంబ్రాణి గడ్డ ఒకటి వేసి మంట మీద పెట్టాడు అంకుల్. తెల్లటి పొగ లేచింది. వంటగదంతా నిండింది. చెంచాలో అదే గోధుమరంగు, దాని చుట్టూ అదే నలుపు. అంకుల్ చెంచానీ రేకునీ పక్కపక్కన పట్టుకుని, "చూడమ్మా" అన్నాడు.

ఆంటీ వాటిని చూడలేదు. పొగనే చూస్తోంది.

"మా అమ్మ తోటలో పని నుంచి వచ్చి గోపాలు తలకి ఇది పట్టేది" అంది. "వాడి జుట్టు ఒత్తు. ఎంతకీ ఆరేది కాదు. ఒళ్ళో పడుకుని నిద్రపోయేవాడు."

 చెంచాలో పొగ సన్నబడి ఆగిపోయింది.

"ఇంకొక గడ్డ వెయ్యి" అంది ఆంటీ.

వేశాడు. అదీ అయ్యేదాకా ఆమె కదల్లేదు. తర్వాత పైట చెంగుతో మొహం తుడుచుకుని, మళ్ళీ ఇంటి యజమానురాలైపోయింది. "ఏం చూస్తావు తంబి? గది కడుగు. ఆ పిల్ల వచ్చేసరికి ఈ టైరు కంపు ఉంటే ఆమెని ఉండనిస్తా, నిన్ను పంపేస్తా."

గంటన్నర తోమాను. రేకు మీది నలుపు రాలేదు, నా వేళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. చొక్కా మార్చుకునే వ్యవధి లేక అలాగే వ్యానెక్కాను. దారంతా ఒక వాక్యం తయారు చేసుకున్నాను. "ఎస్తేరూ, నువ్వు పరాయి ఊరికి రాలేదు." ఏడు నెలల తర్వాత చెప్పే మొదటి మాట గదా, బాగుండాలి.

ఎస్తేరు సామాను బండి తోసుకుంటూ బయటికి వచ్చింది. నన్ను చూసింది. నేను చూసిన చూపు ఎలా ఉందో నాకు తెలియదు గానీ అంకుల్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆమె దగ్గరికి వచ్చింది. నేను నోరు తెరిచాను. ఆమె తుమ్మింది.

మళ్ళీ తుమ్మింది. అంకుల్ ప్రతి తుమ్ముకీ "చిరంజీవ" అంటూ వచ్చి, ఆరోదానికి అలిసిపోయి ఆగాడు. తుమ్ములు ఆగలేదు. మొత్తం తొమ్మిది.

"విమానంలో జలుబు చేసిందా?" అన్నాను.

"కాదండీ. మీ చొక్కాకి సాంబ్రాణి వాసన. నాకది పడదు."

"పడదా?"

"చిన్నప్పటి నుంచీ అంతేనండీ. కళ్ళు కూడా ఎర్రబడిపోతాయి. ఒద్దంటే అమ్మమ్మ వినదు, పట్టుకుని కూర్చోబెడుతుంది."

"మరి పెళ్ళైన ఆ అయిదు రోజులు?"

"ఆపుకున్నాను" అంది ముక్కు తుడుచుకుంటూ. "కొత్త పెళ్ళికూతురు మొగుడి మొహాన తుమ్మితే ఏం బాగుంటుందండీ? అందుకే ఎక్కువ మాట్లాడలేదు. నోరు తెరిస్తే తుమ్మొచ్చేసేది."

నేను సిగ్గనుకున్నాను చూడండి, అది తుమ్ము.

వ్యానులో ఆమెని కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేను వీలైనంత దూరంగా కూర్చున్నాను. ఏడు నెలలు ఎదురుచూసినవాడు ఇంకో నలభై నిమిషాలు ఎదురుచూడలేడా? అంకుల్ అద్దంలోంచి నన్ను చూసి, భుజాలు ఊగేలా నవ్వాడు. ఎస్తేరుకి ఆయన ఎందుకు నవ్వుతున్నాడో చెప్పాల్సి వచ్చింది. చెప్పాను, సోమవారం నుంచి. ఆమె మొత్తం విని, "నా కోసం అంత చేశారా" అంది. తర్వాత, "ఒకమాట నన్ను అడిగితే సరిపోయేది కదండీ" అంది. ఇన్నేళ్ళలో ఆ రెండో మాట ఆమె నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

ఆ గదిలో నాలుగేళ్ళున్నాం. ఆ రోజు తర్వాత ఆంటీ ప్రతి శుక్రవారం వంటగదిలో ఒక చెంచాలో సాంబ్రాణి వెలిగించేది. ఎస్తేరు మా గది తలుపు కింద తడిగుడ్డ పెట్టుకుని లోపల కూర్చునేది. నేను మంచినీళ్ళనో, ఉప్పనో ఏదో వంకన వంటగదిలోకి వెళ్ళి నిలబడేవాణ్ణి. ఆంటీ ఒకవైపు, నేను ఒకవైపు, మధ్యలో పొగ. ఆమె ఎవరిని తలుచుకునేదో నాకు తెలుసు. నేను తలుచుకునే మనిషి మాత్రం గోడ అవతలే ముక్కు మూసుకుని కూర్చుని ఉండేది. అయినా తలుచుకునేవాణ్ణి. ఆ అయిదు రోజుల పిల్ల, మాట్లాడని పిల్ల, జుట్టుతో గదిలోకి ముందు వచ్చేసే పిల్ల. ఆ పిల్ల పక్కనే ఉన్నా ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ పిల్ల మీద బెంగ. ఈ బెంగకి మందేమిటో అంకుల్‌ని కూడా అడగలేదు.

ఒట్టు పెట్టుకోకూడదని నేర్చుకున్నవాణ్ణి. అందుకే ఒట్టు కాదు, అవునంటే అవును, కాదంటే కాదు అన్న లెక్కలో మీ అందరి ముందూ గంభీరంగా చెబుతున్నాను. నా శరీరంలో ఊపిరి ఉన్నంతవరకు ఏ చెట్టు జిగురునీ ఏ వేడి రేకు మీదా పెట్టను. దేన్నీ చిక్కబరచను. నా భార్యకి ఏమిష్టమో నా ముక్కుని అడిగి నిర్ణయించను.

ఇక తలలు వంచి నాతో కలిసి ప్రార్థన చెయ్యండి. ప్రభువా, ఎగిరిపోవలసినదాన్ని ఎగిరిపోనిచ్చే మనసు మాకివ్వు. అడుగున మిగిలినదాన్ని తోముకునే ఓపిక ఇవ్వు. మరక చూసి మనిషికి తీర్పు తీర్చకుండా మమ్మల్ని కాపాడు. దూరంగా ఉన్నవాళ్ళ కోసం బెంగపడుతున్న ప్రతి ఒక్కరినీ త్వరగా కలుపు. కలిసిన రోజున, తండ్రీ, వాళ్ళకి తుమ్ములు రాకుండా చూడు. ఆమెన్.